నాన్న స్టాప్‌వాచ్, బ్రాడ్‌బరీ పరుగు

2002 ఫిబ్రవరి 17వ తేదీ, ఆదివారం మధ్యాహ్నం. బ్రిస్బేన్‌లో వేసవి ఉక్కపోత. టూవాంగ్‌లో మేము నలుగురు తెలుగు ఆడపిల్లలం కలిసి అద్దెకున్న పాత చెక్క ఇంట్లో, ఉన్న ఒక్క ఫ్యానునూ ముందుగదిలో టీవీ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాం. ఫిజియోథెరపీలో మాస్టర్స్ చదవడానికి నేను తెనాలి నుంచి వచ్చి అప్పటికి ఏడు నెలలైంది. వంటింట్లో పప్పుచారు మరుగుతోంది. టీవీలో సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్ వస్తున్నాయి. అక్కడ ఇంకా శనివారం సాయంత్రమే. వేడికి తట్టుకోలేక మంచును చూస్తూ కూర్చున్నామే గానీ, ఆ ఆటల గురించి మాలో ఎవరికీ ఓనమాలు కూడా తెలియవు.

అప్పుడు మొదలైంది పురుషుల వెయ్యి మీటర్ల షార్ట్ ట్రాక్ స్కేటింగ్ ఫైనల్. గీత మీద ఐదుగురు నిలబడ్డారు. అమెరికా కుర్రాడు అపోలో ఓనో, చైనా నుంచి లీ జియాజున్, కొరియా నుంచి పదహారేళ్ళ ఆన్ హ్యున్ సూ, కెనడా నుంచి మాథ్యూ తుర్కాట్, వాళ్ళతో పాటు ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవెన్ బ్రాడ్‌బరీ. పందెం సగం దాటేసరికే ముందున్న నలుగురూ ఒక గుంపుగా, ఈ ఆస్ట్రేలియా అతను వాళ్ళకు దూరంగా, ఒంటరిగా మిగిలిపోయాడు. వ్యాఖ్యాత కూడా అతని పేరు ఎత్తడం మానేశాడు. చివరి చుట్టు, చివరి వంపు. లీ జియాజున్ ఓనోను దాటబోయి తూలిపోయాడు. లోపలి వైపు నుంచి ఆన్ దూసుకురాబోయాడు. అంతలో ఓనో, ఆన్, తుర్కాట్ ఒకరి మీద ఒకరు పడి, జారుకుంటూ పోయి గోడకున్న మెత్తలను గుద్దుకున్నారు. ఖాళీ అయిన దారిలో బ్రాడ్‌బరీ నిలబడే వచ్చి, రెండు చేతులూ పైకెత్తి గీత దాటాడు. ఆ ముఖంలో అప్పటికింకా ఆనందం లేదు. జరిగినది నిజమేనా అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. ఆ తర్వాత ఓనో నేల మీద నుంచే శరీరాన్ని గీత మీదికి విసురుకుని రజతం దక్కించుకున్నాడు. తుర్కాట్‌కు కాంస్యం దక్కింది.

ఆస్ట్రేలియాకే కాదు, దక్షిణార్ధగోళం మొత్తానికీ శీతాకాల ఒలింపిక్స్‌లో అదే మొట్టమొదటి స్వర్ణం. మా ఇంట్లో మాత్రం వరంగల్ అమ్మాయి పడీపడీ నవ్వుతూ, "నక్క తోక తొక్కొచ్చాడే వీడు!" అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు ఎన్నో రోజులు పట్టలేదు.

ఆ రాత్రి ఫోన్ కార్డు గీకి, ఆ పొడుగాటి నంబరు నొక్కి ఇంటికి ఫోన్ చేశాను. నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ళు పిల్లలను పరిగెత్తించినవాడు. పందెం కథంతా నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "అంతా బాగానే ఉంది గానీ తల్లీ, ఆ ఐదోవాడు అంత వెనక ఎందుకున్నాడు? చేతకాక ఉండిపోయాడా, కావాలని ఉన్నాడా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కార్డులో నిమిషాలు అయిపోయి ఫోన్ కట్టయింది.

జవాబు మర్నాటి నుంచే, నా చదువు వైపు నుంచే రావడం మొదలైంది. సోమవారం ఉదయం వెన్నెముక గాయాల పాఠానికి మా మేడమ్ ఒక హేలో బ్రేస్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, నిన్నటి విజేత ఏడాదిన్నర క్రితం ఇలాంటిదాన్నే తలకు బిగించుకుని ఉన్నాడని చెప్పింది. తరగతి అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

హేలో అంటే తల చుట్టూ తిరిగే ఒక లోహపు వలయం. దాన్ని పుర్రె ఎముకలోకే దిగేలా నాలుగు మరలతో బిగిస్తారు, నుదుటి మీద రెండు, చెవుల వెనుక భాగంలో రెండు. వలయం నుంచి దిగిన కడ్డీలు ఛాతీకి తొడిగిన గట్టి కవచానికి కలుస్తాయి. ఒరుసుకోకుండా ఆ కవచం లోపల గొర్రె ఉన్ని పరిచి ఉంటుంది. మెడ ఒక్క వెంట్రుకవాసి కూడా కదలకూడదన్నదే దాని ఉద్దేశం. ఆ ఏడాది శిక్షణలో భాగంగా అలాంటి కవచంలో ఉన్న ఒక రోగిని మంచం మీద నుంచి లేపి మొదటిసారి నడిపించే పని నాకు అప్పగించారు. అప్పటిదాకా పుస్తకంలో చదివినా తట్టని సంగతి ఒకటి ఆ రోజు తెలిసింది. తల వంచలేని మనిషికి తన పాదాలు కనిపించవు. ఎక్కడ అడుగు వేస్తున్నాడో చూసుకోలేడు. ఆయన నా మోచేతిని పట్టుకున్న పట్టుకు మర్నాటికి చర్మం కమిలిపోయింది. గది తలుపు దాకా, ఎనిమిది అడుగులు. ఎనిమిది అడుగులకే ఆయన ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

ఆ రోజు నేను బ్రాడ్‌బరీని తలుచుకున్నాను. 2000 సెప్టెంబరులో, సిడ్నీ ఒలింపిక్స్ జరిగిన నెలలోనే, సాధన చేస్తుండగా ముందున్న స్కేటరు పడిపోతే, అతన్ని దాటేయబోయి తట్టుకుని, తలతో వెళ్ళి గోడను గుద్దుకున్నాడు. మెడలో నాలుగో, ఐదో పూసలు విరిగాయి. నెలన్నర పాటు హేలోలో గడిపాడు. ఇక స్కేటింగ్ మాట మరిచిపొమ్మని వైద్యులు చెప్పారు. ఆ మెడతో పదిహేడు నెలలు తిరిగేసరికి ఒలింపిక్ ఫైనల్ గీత మీద నిలబడ్డాడు. నేను ఆ పందెంలో చూసి నవ్వింది ఆ మనిషిని.

అతనికి అది మొదటి గాయం కూడా కాదు. 1994 చివర మాంట్రియల్ వరల్డ్ కప్ పోటీలో పక్కనే పడిన ఒక స్కేటరు బ్లేడు అతని తొడను చీల్చేసింది. తొడ ముందు భాగంలో నాలుగు కండరాలుంటాయి. మెట్లెక్కినా, కుర్చీలోంచి లేచినా పనిచేసేవి అవే. ఆ నాలుగూ తెగిపోయాయి. నాలుగు లీటర్ల రక్తం పోయింది. సామాన్యంగా మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లకు కాస్త అటూ ఇటూ. మంచు మీద పడి ఉన్నంతసేపూ స్పృహ తప్పితే ఇక లేవనని తనకు తాను చెప్పుకుంటూ కళ్ళు తెరుచుకునే ఉన్నానని అతను తర్వాత చెప్పాడు. 111 కుట్లు పడ్డాయి. మళ్ళీ మునుపటి బలం రావడానికి పద్దెనిమిది నెలలు పట్టింది.

మా వృత్తిలో తొడ కండరం ఎంత తగ్గిందో చూడటానికి మోకాలి చిప్పకు పైన ఒక గుర్తు పెట్టుకుని, టేపు చుట్టి కొలుస్తాం. రెండు తొడలకూ తేడా ఎంతో రాసుకుంటాం. వారం వారం కొలిచినా ఆ అంకె కదలదు. రోగి మన ముఖం వైపు చూస్తాడు, మనం టేపు వైపు చూస్తాం. పోయిన కండరం తిరిగి రావడం ఎంత నెమ్మదో ఇరవై ఏళ్ళుగా నా చేతులతో కొలుస్తున్నదాన్ని కనుక చెబుతున్నాను, పద్దెనిమిది నెలలన్న మాట చదవడానికే చిన్నది. పైగా అతను తిరిగి వెళ్ళింది మామూలు నడకకు కాదు. షార్ట్ ట్రాక్ స్కేటరు మోకాళ్ళను దాదాపు కుర్చీ వేసినంతగా మడిచి, నడుము వంచి, ఆ భంగిమలోనే పందెం మొత్తం సాగించాలి. బళ్ళో గోడకుర్చీ శిక్ష పడినవాళ్ళకు తొడల మంట ఎలా ఉంటుందో తెలుసు. దాన్ని గంటకు నలభై కిలోమీటర్లు దాటిన వేగంతో వంపు తిరుగుతూ ఊహించుకోవాలి.

ఈ ఆట సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నాన్న ప్రశ్నకు జవాబు అర్థం కాదు. షార్ట్ ట్రాక్ ఐస్ హాకీ ఆడేంత రింకులోనే జరుగుతుంది. 111.12 మీటర్ల అండాకారపు చుట్టు. వెయ్యి మీటర్లంటే అలాంటివి 9. పెద్ద ట్రాక్ మీద జరిగే స్పీడ్ స్కేటింగ్‌లో ఇద్దరిద్దరు ఎవరి గీతల్లో వాళ్ళు గడియారంతో పోటీపడతారు. ఇక్కడ అందరూ ఒకేసారి బయలుదేరి, ఒకే ఇరుకు దారిలో ఒకరినొకరు దాటుకోవాలి. సమయం ఎంతన్నది కాదు, ఎవరు ముందు దాటారన్నదే లెక్క. వంపులో లోపలికి ఎంతగా వాలిపోతారంటే, ఎడమ చేతి వేళ్ళు మంచును రాసుకుంటూ పోతాయి. అందుకే ఆ చేతి తొడుగు వేళ్ళ కొసలకు గట్టి తొడుగులుంటాయి. వెడల్పు తక్కువ, వేగం ఎక్కువ, కాళ్ళకున్నవి కత్తులు. పడటం, పడేయడం, అడ్డొచ్చినందుకు తొలగించబడటం ఈ ఆటలో వింతలు కావు, రోజూ జరిగే పనులు.

బ్రాడ్‌బరీ ఆ సంగతిని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాడు. 1973లో సిడ్నీకి దగ్గరలోని కామ్డెన్‌లో పుట్టి, బ్రిస్బేన్‌లో స్థిరపడిన మనిషి. ఏడాదిలో సగం చెమటలు కక్కే ఊళ్ళో మంచు ఆట నేర్చుకున్నాడంటేనే నాకు ముచ్చటగా ఉంటుంది. 1991లో సిడ్నీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 5,000 మీటర్ల రిలే గెలిచిన ఆస్ట్రేలియా జట్టులో పదిహేడేళ్ళ వయసులో ఉన్నాడు. మంచు ఆటల్లో ఆ దేశానికి అదే మొదటి ప్రపంచ టైటిల్. 1994 లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో అదే రిలేలో కాంస్యం వచ్చింది. ఆస్ట్రేలియా శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్ళడం మొదలుపెట్టింది 1936లో. అప్పటి నుంచీ ఎదురుచూసిన మొదటి పతకం అది. ఆ ఫైనల్లో కూడా నలుగురూ పడకుండా నిలబడి పూర్తి చేయడమే వాళ్ళ మొదటి ఆలోచన. కెనడా స్కేటరు ఒకరు పడిపోయారు, వీళ్ళు పడలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత జరిగినదానికి అక్కడే ఒక నమూనా ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

కానీ ఒంటరి పందేల్లో మాత్రం ఆ కాలంలో అతనికి ఎదురైనదంతా దీనికి తలకిందులు. లిల్లెహామర్‌లో అతను నిజంగా పతకం తేగలవాళ్ళలో ఒకడు. పక్కవాళ్ళ తోపులాటలో పడిపోయి ఇంటికొచ్చాడు. 1998 నగానోలోనూ అదే వరస. తన తప్పు లేకుండా పడిపోయిన ఆ రోజుల్లో అతన్ని చూసి లోకం ఏ వాడుక మాటా తయారు చేయలేదు. 2002లో ఎదుటివాళ్ళు పడ్డాక మాత్రం చేసింది. ఇదొక్కటే నాకు ఈ కథలో కోపం తెప్పించే విషయం.

ఇక నాన్న ప్రశ్న. సాల్ట్ లేక్ సిటీకి వచ్చేసరికి బ్రాడ్‌బరీకి 28 ఏళ్ళు. హీట్ అనే మొదటి వడపోత పందేన్ని న్యాయంగానే గెలిచాడు. క్వార్టర్ ఫైనల్లో ఓనో, కెనడా దిగ్గజం మార్క్ గాన్యోన్ ఇద్దరూ తగిలారు. మొదటి ఇద్దరికే ముందుకు వెళ్ళే అవకాశం. అతను మూడోవాడిగా వచ్చాడు. ఎదుటివాళ్ళకు అడ్డుపడ్డాడని గాన్యోన్‌ను తొలగించడంతో సెమీస్‌కు చేరాడు. క్వార్టర్, సెమీ, ఫైనల్ మూడూ ఒకే సాయంత్రం. తన కాళ్ళలో ఇంకెంత మిగిలి ఉందో అతనికి తెలుసు. కోచ్ ఆన్ ఝాంగ్‌తో మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాడు. వేగంలో ఆ కుర్రాళ్ళకు తాను సాటిరాడు; మధ్యలో దూరి పోటీపడితే వాళ్ళతో పాటే పడతాడు; కనుక గుంపుకు వెనకే, గొడవకు అందనంత దూరంలో ఉండి, చివరిదాకా నిలబడే ఉండాలి. సెమీస్‌లో అదే చేశాడు. అప్పటి ఒలింపిక్ ఛాంపియన్ కిమ్ డాంగ్ సంగ్‌తో సహా ముందున్నవాళ్ళు పడ్డారు. ఫైనల్లోనూ అదే చేశాడు.

ఇవన్నీ తెలుసుకున్నాక నాన్నకు ఉత్తరం రాశాను. ఫోన్లో చెబితే కార్డు చాలదు. ఆ స్వర్ణం వచ్చిన రెండు రోజులకే, గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టే ఏరియల్ స్కీయింగ్‌లో అలీసా క్యాంప్లిన్ ఆస్ట్రేలియాకు రెండో స్వర్ణం తెచ్చింది. ఆస్ట్రేలియా పోస్ట్ ఇద్దరి బొమ్మలతోనూ 45 సెంట్ల స్టాంపులు వేసింది. అవి దేశంలో పంపే ఉత్తరాలకు వాడే స్టాంపులు కనుక, బ్రాడ్‌బరీ స్టాంపును కవరు మీద అంటించకుండా లోపల, ఉత్తరం మడతలో పెట్టి పంపాను. నాన్న దాన్ని తన బల్ల అద్దం కింద, మా అన్నయ్య పెళ్ళి ఫోటో పక్కన పెట్టుకున్నారు.

ఆ ఉత్తరంలో రాసిన ఇంకో సంగతి ఆయనకు బాగా నచ్చింది. బ్రాడ్‌బరీకి స్కేటింగ్ బూట్లు తయారుచేసే చిన్న వ్యాపారం ఉండేది. బ్రిస్బేన్‌లోనే, ఇంటి వెనకాల షెడ్డులాంటి చోట మొదలుపెట్టుకున్న పని అది. ఓనోకు కూడా తన బూట్లు పంపించాడు. అతను గెలుస్తాడు, గెలిచాక బూట్ల గురించి ఒక మంచి మాట చెబుతాడు, తనకు నాలుగు ఆర్డర్లు వస్తాయి అన్నది ఆశ. తనను ఓడిస్తాడని తెలిసినవాడి కాళ్ళకు తనే బూట్లు కుట్టిన మనిషి ఇతను. నాన్న జవాబులో ఆ వాక్యం కింద నేను గీత గీయనందుకు మందలించి, తనే ఎర్ర సిరాతో గీసుకున్నానని రాశారు.

బంగారు పతకం తీసుకోవాలా వద్దా అని ఆ రాత్రి కాసేపు తర్జనభర్జన పడ్డానని బ్రాడ్‌బరీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. అందరికంటే వేగంగా స్కేటింగ్ చేసింది తాను కాదని ఎప్పుడూ దాచుకోలేదు. ఆ నిమిషంన్నర పరుగుకు కాక, వెనక పదేళ్ళకు పైగా పడిన కష్టానికి దక్కినదిగా దాన్ని తీసుకుంటున్నానని అన్నాడు. ఈ మాటను నేను నా రోగుల్లో చాలామందికి చెప్పాను. పేరు చెప్పకుండా, ఒకతను ఇలా అన్నాడని.

ఆస్ట్రేలియాలో మాత్రం "డూయింగ్ ఎ బ్రాడ్‌బరీ" అన్నది వాడుక మాటైపోయింది. అనుకోకుండా ఎవరికైనా ఏదైనా కలిసొస్తే చాలు, ఆ మాట వాడతారు. 2016లో అది అక్కడి జాతీయ నిఘంటువులోకీ ఎక్కింది. నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది, నాకంటే అనుభవమున్న ఇద్దరు మానేయడంతో ఒక వార్డు బాధ్యత నాకు దక్కినప్పుడు, తోటి ఉద్యోగి ఒకరు నవ్వుతూ నాతో ఆ మాటే అన్నారు. ఆవిడ మనసులో చెడు ఏమీ లేదు. నేను మాత్రం ఆగి, మాంట్రియల్ సంగతి, మెడ పూసల సంగతి ఆవిడకు మొదటి నుంచీ చెప్పాను. టీ చల్లారిపోయేదాకా విన్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో ఆ కథను నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నవ్వినందుకు తీర్చుకుంటున్న బాకీ అనుకుంటాను.

2022 మార్చిలో అతని పేరు మళ్ళీ వార్తల్లో కనిపించింది. సన్‌షైన్ కోస్ట్‌లో కొడుకుతో సర్ఫింగ్‌కు వెళ్ళి, సముద్రంలోకి లాగేసే ప్రవాహంలో చిక్కుకుని కొట్టుకుపోతున్న నలుగురు అమ్మాయిలను చూశాడు. లైఫ్‌గార్డుల కోసం కొడుకును పంపి, తాను బోర్డు మీద పడుకుని అలలకు ఎదురు వెళ్ళి వాళ్ళను కాపాడాడు. మరుసటి ఏడాది ఆ ధైర్యానికి ప్రభుత్వ గౌరవం దక్కింది. ఆ వార్త చదవగానే నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్ళింది, నాన్నకు చెప్పాలని. అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు.

నాన్న బ్రిస్బేన్ వచ్చింది ఒక్కసారే, 2004 జులైలో, చలికాలంలో. వచ్చిన మూడో రోజునే "ఆ పందెం చూపిస్తానన్నావుగా" అని అడిగారు. ఆ ఆదివారం రాత్రి మళ్ళీ వేసినప్పుడు మా వరంగల్ అమ్మాయి వీడియో క్యాసెట్‌లో రికార్డు చేసి ఉంచింది. ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు క్యాసెట్ నాకిచ్చి వెళ్ళింది. నేను దాన్ని పెడుతుంటే, నాన్న లోపలికి వెళ్ళి పెట్టెలోంచి ఒక గుడ్డ మూట తెచ్చి విప్పారు. అందులో ఆయన కీ తిప్పే పాత స్టాప్‌వాచ్ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సొంత జీతంతో కొనుక్కున్నది. అంచుల దగ్గర నికెల్ పూత పోయి ఇత్తడి బయటపడింది. స్వెట్టరూ దాని మీద శాలువా కప్పుకుని, కుర్చీ అంచున కూర్చుని, బొటనవేలు మీట మీద పెట్టుకున్నారు.

తుపాకీ పేలగానే నొక్కారు. పందెం నడుస్తున్నంతసేపూ ఆయన చూపు ముందున్న నలుగురి మీద లేదు. కెమెరా వాళ్ళతో పాటు పోతుంటే, తెర అంచున అప్పుడప్పుడు కనిపించే ఐదో మనిషిని వెతుక్కుంటూ మెడ సాచి చూశారు. చివరి వంపులో అందరూ కూలిపోయినప్పుడు కూడా ఆయన ఉలికిపడలేదు. బ్రాడ్‌బరీ బ్లేడు గీత దాటిన క్షణాన మళ్ళీ నొక్కారు. నేను వంగి చూశాను. ముల్లు ఒక నిమిషం ఇరవై తొమ్మిది దగ్గర, ఒక సన్నగీత అటుగా ఆగింది. రికార్డుల్లో ఉన్న సమయం 1 నిమిషం 29.109 సెకన్లు.

"అలిసిపోయాడు తల్లీ," అన్నారు నాన్న, చాలాసేపటి తర్వాత. "చివరి మూడు చుట్లూ చూడు, భుజాలు కిందికొచ్చేశాయి. చేతకాకా ఉన్నాడు, కావాలనీ ఉన్నాడు. కానీ కాలు మాత్రం ఒక్కసారి కూడా తప్పుగా పడలేదు."

తర్వాత భోజనానికి లేచాం. ఆ రోజు రాత్రి పడుకునేదాకా ఆ స్టాప్‌వాచ్ ఆయన చేతి పక్కనే ఉంది. ముల్లును మళ్ళీ సున్నాకు తిప్పలేదు.